సంచి మీద పేరు వేరు, లోపల బియ్యం వేరు: ప్రాసెసర్ పేర్లు చదవడం ఎలా

మొన్న మా పిన్ని కొడుకు సికింద్రాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ షాపులోంచి ఫోన్ చేశాడు.

"అన్నా, రెండూ ఒకే రేటు చెప్తున్నారు. ఒకటి ఐ5, ఇంకోటి ఐ7. ఐ7 తీసేసుకోనా?"

"స్టిక్కర్ సంగతి వదిలెయ్. పూర్తి నంబర్ చదువు."

"ఐ7ది 7500యూ. ఐ5ది 8250యూ."

"అయితే ఐ5 తీసుకో."

వాడికి నమ్మకం కుదరలేదు. ఏడు కంటే ఐదు ఎలా మేలవుతుందని అడిగాడు. ఐ7-7500యూలో ఉన్నవి 2 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 4 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 4 ఎంబీ క్యాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ). ఐ5-8250యూలో 4 కోర్లు, 8 థ్రెడ్లు, 6 ఎంబీ క్యాష్. పైగా మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు అనుమతించిన ప్రాసెసర్ల జాబితాలో 8250యూ ఉంది, 7500యూ లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఐ5, ఐ7 అనేవి ఆ ఏడాది సరుకులో ఏది ఏ మెట్టుదో మాత్రమే చెప్తాయి. ఏ ఏడాది సరుకో వాటి వెనక ఉన్న నంబర్ చెప్తుంది.

బియ్యం కొనేవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. సంచి మీద దేవుడి బొమ్మో, నెమలి బొమ్మో, ఏదో ఒక బ్రాండ్ ఉంటుంది. తెలిసినవాళ్లు దాన్ని చూడరు, "లోపల బీపీటీనా, ఆర్‌ఎన్‌ఆరా?" అని అడుగుతారు. బీపీటీ 5204 అంటే బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అంటే రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా. బ్రాండ్ ఎవరైనా ఎప్పుడైనా మార్చుకుంటారు, వంగడం నంబర్ మారదు. ప్రాసెసర్లకూ ఇలాగే సంచి పేరు ఒకటి, వంగడం పేరు ఒకటి ఉంటాయి. నిజానికి ఒక్కో ప్రాసెసర్‌కి నాలుగు పేర్లుంటాయి: అమ్మకం పేరు, ఇన్‌స్ట్రక్షన్ సెట్ పేరు, కోర్ డిజైన్ పేరు, చిప్ నంబర్. ఈ నాలుగూ విడివిడిగా రాసుకోగలిగితే చేతిలో ఉన్నది ఫోన్ అయినా, ల్యాప్‌టాప్ అయినా, వాషింగ్ మెషీన్ బోర్డు అయినా, అందులో ఏముందో మీరే చెప్పగలరు.

మొదటి మెట్టు: పూర్తి పేరు పట్టుకోవడం

"ఐ5 ల్యాప్‌టాప్", "స్నాప్‌డ్రాగన్ ఫోన్" అంటే సరిపోదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన పూర్తి పేరు కనిపిస్తుంది. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ సగం పేరే చెప్తాయి కాబట్టి సీపీయూ-జడ్ యాప్ వేసుకోండి. కోర్ల పేర్లు, ఒక్కోటి ఎంత వేగంతో నడుస్తోందో కూడా చూపిస్తుంది. అసలు స్క్రీనే లేని బోర్డయితే చిప్ మీద అక్షరాలను ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఫొటో తీయండి. వెలుతురు పక్కనుంచి పడితేనే ఆ అక్షరాలు కనిపిస్తాయి, నేరుగా ఫ్లాష్ కొడితే మెరుపు తప్ప ఏమీ రాదు.

చివరి అక్షరాన్ని వదిలేయకండి. ఇంటెల్‌లో యూ అంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అంటే ఎక్కువ తాగి ఎక్కువ పనిచేసే ల్యాప్‌టాప్ చిప్, కే అంటే వేగం పెంచుకునే వీలున్నది, ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేనిది. ఎఫ్ చూసుకోకుండా డెస్క్‌టాప్ కొంటే, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టేదాకా మానిటర్ మీద బొమ్మే రాదు.

రెండో మెట్టు: ఏ భాష అర్థమవుతుంది?

ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటే ప్రాసెసర్‌కి అర్థమయ్యే భాష. సాఫ్ట్‌వేర్ ఈ భాషలోకే తర్జుమా అయి నడుస్తుంది. భాష ఒకటే ఉంచి లోపలి కట్టడం ఎలాగైనా మార్చుకోవచ్చన్న ఆలోచనను పెద్ద ఎత్తున నిలబెట్టింది ఐబీఎం. 1964 ఏప్రిల్‌లో సిస్టమ్/360 పేరుతో చిన్నా పెద్దా మోడళ్లు ఒకేసారి ప్రకటించింది. చిన్న మిషన్ మీద రాసిన ప్రోగ్రామ్ పెద్దదాని మీదా నడిచేది. కంప్యూటర్లలో "ఆర్కిటెక్చర్" అనే మాటకు ఈ అర్థం స్థిరపడింది అక్కడినుంచే.

ఈ రోజు మీ చేతికి తగిలేవి దాదాపు మూడే పెద్ద భాషలు.

ఒకటి ఎక్స్86. ఇంటెల్ 1978లో 8086 తెచ్చింది. తర్వాత 80186, 80286, 80386, 80486. అన్నిటి చివరా 86 ఉంది కాబట్టి ముందు అంకెల స్థానంలో ఎక్స్ పెట్టి ఎక్స్86 అన్నారు. ఐదోదానికి 586 అని పెట్టకుండా 1993లో పెంటియం అన్నారు. కారణం, ఉత్త అంకెలను ట్రేడ్‌మార్క్ చేసుకోవడం కుదరకపోవడమే. ఆ "పెంట్" గ్రీకులో ఐదు.

64 బిట్‌ల కాలం వచ్చేసరికి (బిట్‌ల సంఖ్య అంటే ప్రాసెసర్ ఒక్కసారిలో పట్టుకోగల సమాచారం పరిమాణం) కథ మలుపు తిరిగింది. ఈ భాషను 64 బిట్‌లకు పెంచినవాళ్లు ఇంటెల్ కాదు, ఏఎండీ. 2003లో ఆప్టెరాన్, అథ్లాన్ 64 చిప్‌లతో తెచ్చారు, తర్వాత ఇంటెల్ కూడా అదే దారికొచ్చింది. అందుకే ఎక్స్64, ఎక్స్86-64, ఏఎండీ64, ఇంటెల్ 64 అనే నాలుగు పేర్లూ ఒకే భాషవి. మా తమ్ముడు ఆ ఐ5 ఇంటికి తెచ్చుకున్నాక కమాండ్ ప్రాంప్ట్‌లో "సెట్ ప్రాసెసర్" అని కొట్టి చూసి, వెంటనే నాకు ఫోన్. "అన్నా, ఆర్కిటెక్చర్ ఏఎండీ64 అని వస్తోంది. ఇంటెల్ అని చెప్పి ఏఎండీ అంటగట్టారా?" టెన్షన్ అక్కర్లేదురా, అది భాష పేరు, కంపెనీ పేరు కాదు, కింద లైన్ చదువు అన్నాను. "ఇంటెల్64 ఫ్యామిలీ 6 మోడల్ 142 స్టెపింగ్ 10, జెన్యూన్ ఇంటెల్" అని ఉంది. ఉబుంటు డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫైల్ పేరులో ఏఎండీ64 చూసి ఆగిపోయేవాళ్లదీ ఇదే అనుమానం. ఇంటెల్ ల్యాప్‌టాప్‌కి వేసుకోవలసింది ఆ ఫైలే.

రెండోది ఆర్మ్. ఇంగ్లండ్‌లోని ఎకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ చేసిన డిజైన్. మొదటి చిప్ 1985లో చేతికొచ్చింది. ఇప్పుడు మన ఫోన్లన్నీ దాదాపు దీని మీదే నడుస్తున్నాయి. ఇక్కడ ఉన్నంత పేర్ల గందరగోళం ఇంకెక్కడా లేదు. ఆర్మ్7 వేరు, ఆర్మ్‌వీ7 వేరు. మధ్యలో "వీ" ఉంటే అది భాష వెర్షన్, లేకపోతే కోర్ డిజైన్ పేరు. పాత నోకియా ఫోన్ల కాలంలో ఇంటింటా ఉన్న ఆర్మ్7టీడీఎంఐ కోర్ మాట్లాడే భాష ఆర్మ్‌వీ4టీ. ఆర్మ్11 కోర్ భాష ఆర్మ్‌వీ6. చిన్న అంకె పెద్ద అంకె అని పోల్చి చూస్తే నిండా తప్పుతాం. 64 బిట్‌లు ఆర్మ్‌వీ8తో వచ్చాయి. లినక్స్ దాన్ని ఏఆర్క్64 అంటుంది, ఆండ్రాయిడ్ ఆర్మ్64-వీ8ఏ అంటుంది. 32 బిట్‌ల పాతదాన్ని ఆండ్రాయిడ్ ఆర్మ్‌ఈఏబీఐ-వీ7ఏ అంటుంది. బయటినుంచి ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) తెచ్చుకుంటే "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని రావడానికి చాలాసార్లు ఈ తేడాయే కారణం. ఇంకో చిక్కు కూడా ఉంది. చిప్ 64 బిట్‌లదైనా, మెమరీ పొదుపు కోసం కొన్ని చవక ఫోన్లలో 32 బిట్‌ల ఆండ్రాయిడ్ వేసి అమ్మారు. అలాంటి ఫోన్లో చిప్ సామర్థ్యం చూసి 64 బిట్‌ల ఏపీకే వేస్తే ఎక్కదు.

మూడోది రిస్క్-ఫైవ్. 2010లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో మొదలైంది. ఎవరికీ లైసెన్స్ డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. నాకు బాగా నచ్చేది దీని పేర్లు పెట్టే పద్ధతి. పేరే విడమర్చి చెప్తుంది. ఆర్‌వీ తర్వాత అంకె బిట్‌ల సంఖ్య, ఆ తర్వాత ఒక్కో అక్షరం ఒక్కో విద్య. ఐ అంటే పూర్ణాంకాల పని, ఎం గుణకారం భాగహారం, ఎఫ్ మామూలు దశాంశాలు, డీ రెట్టింపు కచ్చితత్వం ఉన్న దశాంశాలు, సీ కుదించిన సూచనలు, వీ వెక్టర్లు. మన ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీ-డ్యాక్ వాళ్ల వేగా వరసలో తేజస్32 అనే చిప్ ఉంది. దాని భాష ఆర్‌వీ32ఐఎం. చదవండి: 32 బిట్‌లు, పూర్ణాంకాలు, గుణకారం. ఎఫ్ లేదు. అంటే దశాంశాల లెక్క చిప్ స్వయంగా చేయదు, సాఫ్ట్‌వేర్ చేసిపెట్టాలి, ఆలస్యమవుతుంది. సెన్సర్ రీడింగ్‌లకు దశాంశాలు లేకుండా పూర్ణాంకాల్లో ప్రోగ్రామ్ రాసుకుంటే మంచిదని డేటాషీట్ తెరవక ముందే తెలిసిపోయింది. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లదీ రిస్క్-ఫైవ్ భాషే.

మూడో మెట్టు: కోర్ డిజైన్

అసలు విషయం ఇక్కడుంది. భాష తెలిసినంత మాత్రాన ఎంత గట్టి చిప్పో తెలియదు. ఒకే తెలుగు మాట్లాడే ఇద్దరిలో ఒకడు గంటలో చేసే పని ఇంకొకడికి పూట పట్టొచ్చు. ఆ తేడా కోర్ డిజైన్‌లో ఉంటుంది. దీన్నే మైక్రోఆర్కిటెక్చర్ అంటారు.

"ఆక్టా కోర్" అన్న మాటను తీసుకోండి. హీలియో జీ35 అనే ఫోన్ చిప్‌లో ఎనిమిది కోర్లు. స్నాప్‌డ్రాగన్ 695లోనూ ఎనిమిదే. మొదటిదాంట్లో ఎనిమిదీ కార్టెక్స్-ఏ53లు, అంటే 2012లో ప్రకటించిన డిజైన్. రెండోదాంట్లో రెండు ఏ78లు, ఆరు ఏ55లు. ఏ78 వచ్చింది 2020లో. టిఫిన్ సెంటర్ కౌంటర్ దగ్గర చూడండి. ముందున్నాయన మసాలా దోశ చెప్పాడు, అది పెనం మీద ఉంది. వెనకున్నాయనకి కావలసింది రెండు ఇడ్లీలే, అవి సిద్ధంగా పాత్రలో ఉన్నాయి. అయినా వరస ప్రకారమే ఇస్తామంటే ఇడ్లీ ఆయన నిలబడాల్సిందే. ఏ53, ఏ55లు ఇలా వరస తప్పని కోర్లు. ఏ78 అయితే దోశ కాలేలోపు ఇడ్లీ వడ్డించి పంపేస్తుంది. ఒక కోర్‌కీ ఇంకో కోర్‌కీ మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు ఎనిమిది అనే లెక్క ఏం చెప్తుంది?

ఇక ల్యాప్‌టాప్‌లు. ఏఎండీ 2023 నుంచి రైజెన్ మొబైల్ చిప్‌లకు నాలుగంకెల పద్ధతి పెట్టింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి: రైజెన్ 5 7520యూ, 7530యూ, 7540యూ. మొదటి అంకె 7 అంటే 2023 సరుకు. రెండోది ఏ మెట్టుదో చెప్తుంది. మూడోదే ప్రాణం, అది జెన్ అనే ఏఎండీ కోర్ డిజైన్ నంబర్. 7520యూ జెన్ 2, 2019 నాటి డిజైన్, 4 కోర్లు. 7530యూ జెన్ 3, 6 కోర్లు. 7540యూ జెన్ 4, 6 కోర్లు. మూడూ "రైజెన్ 5, 7000 సిరీస్" అనే ఒకే బోర్డు కింద అమ్ముడయ్యాయి. నంబర్ దాచారని మాత్రం అనలేం, ఎదురుగానే ఉంది. చదివే పద్ధతి తెలిసినవాళ్లే తక్కువ. ఒక జాగ్రత్త: ఇది ల్యాప్‌టాప్ నంబర్లకే. డెస్క్‌టాప్ రైజెన్ 5 7600లో మూడో అంకె సున్నా, కానీ అది జెన్ 4. తర్వాత వచ్చిన రైజెన్ ఏఐ 300 వరసలో ఈ లెక్క వదిలేశారు.

ఇంటెల్‌లోనూ కోర్ 5 120యూ, కోర్ అల్ట్రా 5 125యూ అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. మొదటిది రాప్టర్ లేక్, రెండోది మీటియర్ లేక్. "అల్ట్రా" అన్న ఒక్క మాటకు డిజైనే వేరైంది.

పేర్లన్నీ అమ్మేవాళ్లు పెట్టినవే కదా, వేటిని నమ్మాలి అంటారా? చిప్ స్వయంగా చెప్పే నంబర్లను నమ్మండి. ఇంతకుముందు చూసిన "ఫ్యామిలీ 6 మోడల్ 142 స్టెపింగ్ 10" అలాంటిదే. షాపులో వదిలేసి వచ్చిన ఐ7-7500యూ కూడా ఫ్యామిలీ 6 మోడల్ 142యే, స్టెపింగ్ (అదే డిజైన్‌లో ఎన్నో సవరణో చెప్పే నంబర్) మాత్రం 9. ఏడో తరం, ఎనిమిదో తరం అని అమ్మిన ఆ రెండూ లోపల ఒకే డిజైన్ బిడ్డలు. కోర్లు రెండు నుంచి నాలుగయ్యాయి, అంతే. ఏఎండీలో జెన్, జెన్ 2లు ఫ్యామిలీ 23. జెన్ 3, జెన్ 4లు ఫ్యామిలీ 25. కాబట్టి 7520యూ ల్యాప్‌టాప్‌లో ఆ "సెట్ ప్రాసెసర్" కమాండ్ కొడితే 23 వస్తుంది, 7530యూలో 25.

ఆర్మ్ అయితే లినక్స్‌లో ప్రాక్ అనే ఫోల్డర్‌లో సీపీయూఇన్ఫో ఫైల్ తెరవండి. ఇంప్లిమెంటర్ అనే లైన్, పార్ట్ అనే లైన్ చూడండి. ఇంప్లిమెంటర్ 41 అని ఉంటే ఆర్మ్ కంపెనీ, 51 అయితే క్వాల్‌కామ్. పదహారు ఆధారంగా ఉన్న ఆ లెక్కలు ఊరికే పెట్టినవి కావు. అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 41 అంటే ఇంగ్లిష్ "ఏ", 51 అంటే "క్యూ". పార్ట్ లైన్లో డీ03 అంటే కార్టెక్స్-ఏ53, డీ05 అంటే ఏ55, డీ08 అంటే ఏ72, డీ0బీ అంటే ఏ76, డీ41 అంటే ఏ78. ఒకే ఫోన్లో రెండు రకాల కోర్లుంటే రెండు పార్ట్ నంబర్లు కనిపిస్తాయి.

నాలుగో మెట్టు: చిప్ నంబర్

కోర్ ఒక్కటే చిప్ కాదు. గ్రాఫిక్స్, మోడెం, కెమెరా పని చూసేది, అన్నీ కలిపి ఒక ముక్క మీద పేరిస్తే అది సిస్టమ్ ఆన్ చిప్. దానికి ఫ్యాక్టరీలో ఒక నంబర్ ఉంటుంది. మీడియాటెక్ డైమెన్సిటీ 700 నంబర్ ఎంటీ6833. డైమెన్సిటీ 6020ది కూడా అదే. 810, 6080 కూడా 6833 ఇంటివాళ్లే. కొత్త ఫోన్ అని 6020 కొంటే మీకు దొరికేది 700కు మారుపేరు. పాత చిప్ మంచిదైతే అది తప్పేమీ కాదు. కానీ కొత్తదాని ధర పెట్టే ముందు తెలిసుండాలి కదా.

దీనికి తలకిందుల ఉదాహరణ ఈఎస్‌పీ32. ఇంజినీరింగ్ ప్రాజెక్టుల్లో పిల్లలందరూ వాడేదే. మామూలు ఈఎస్‌పీ32లో ఉన్నది ఎక్స్‌టెన్సా (పై మూడూ కాని ఇంకో భాష) ఎల్‌ఎక్స్6 కోర్, ఈఎస్‌పీ32-ఎస్3లో ఎల్‌ఎక్స్7, ఈఎస్‌పీ32-సీ3లో ఏకంగా రిస్క్-ఫైవ్. ఇంటిపేరు ఒకటే, మాట్లాడే భాషలు రెండు. ఒకదానికి కంపైల్ చేసిన ఫైల్ తెచ్చి ఇంకోదాంట్లో ఎక్కిస్తే నడవదు. ఆర్డినో సాఫ్ట్‌వేర్‌లో బోర్డు పేరు సరిగ్గా ఎంచుకోమని ల్యాబ్‌లో మొత్తుకునేది ఇందుకే.

ఐదో మెట్టు: ఏ పనికి పుట్టింది?

ఆర్మ్ దీన్ని తేలిక చేసింది. కార్టెక్స్ తర్వాత ఏ ఉంటే ఫోన్లు, కంప్యూటర్లు. ఆర్ ఉంటే బ్రేకులు, హార్డ్ డిస్కుల్లాంటి క్షణం తప్పకూడని పనులు. ఎం ఉంటే మైక్రోకంట్రోలర్, అంటే వాషింగ్ మెషీన్ లాంటి పరికరాల్లో ఒక పని చూసుకునే చిన్న చిప్. మూడక్షరాలూ కలిపితే కంపెనీ పేరే వస్తుంది. ఎం వరసలో మెమరీని పేజీలుగా పంచే విభాగం ఉండదు కాబట్టి మామూలు లినక్స్ దాని మీద నడవదు.

మైక్రోకంట్రోలర్ల పేర్లు చూడ్డానికి భయంకరంగా ఉంటాయి, కానీ అన్నిటికంటే నిజాయితీగా ఉండేవి అవే. ఎస్‌టీఎం32ఎఫ్103సీ8టీ6ని ముక్కలు చేద్దాం. ఎస్‌టీఎం32 అంటే ఎస్‌టీ కంపెనీ 32 బిట్‌ల ఆర్మ్ వరస. ఎఫ్ సాధారణ వాడకానికి. 103 ఉపవరస, లోపల కార్టెక్స్-ఎం3. సీ అంటే 48 కాళ్లు. 8 అంటే 64 కేబీ ఫ్లాష్ మెమరీ. టీ అంటే నాలుగు వైపులా కాళ్లున్న చదునైన ప్యాకేజీ. చివరి 6 అంటే మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. రామగుండం ఎండలో డబ్బా లోపల పెట్టే పరికరానికి ఆ చివరి అంకె ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

మన జేఎన్‌టీయూ సిలబస్‌లో చదివిన 8086, 8051లను ఇదే పద్ధతిలో పెట్టి చూడండి. 8086 మైక్రోప్రాసెసర్, మెమరీ బయట పెట్టుకోవాలి. 1980లో వచ్చిన 8051 మైక్రోకంట్రోలర్, మెమరీ, టైమర్లు, పోర్టులు లోపలే ఉంటాయి. వైవాలో ఎగ్జామినర్లకు ఇష్టమైన ప్రశ్న ఒకటుంది: 8088 ఎన్ని బిట్‌లది? లోపల 16, బయటి డేటా బస్సు (సమాచారం వచ్చిపోయే దారి) 8. మొదటి ఐబీఎం పీసీలో ఉన్నది అదే. "ఎన్ని బిట్‌లు" అన్న ప్రశ్నకు రిజిస్టర్లదా, బస్సుదా, అడ్రసుదా అని ఎదురు ప్రశ్న వేసే హక్కు మీకుంది.

రెండు వర్గీకరణల మీద మాత్రం ఎక్కువ టైం పెట్టకండి. రిస్క్ (చిన్న సూచనలవి), సిస్క్ (పెద్ద సూచనలవి) అని గీత గీసి పోల్చడం పరీక్ష వరకు సరే. 1995 నాటి పెంటియం ప్రో నుంచి ఇంటెల్ చిప్‌లు కూడా పెద్ద సూచనలను లోపల చిన్న ముక్కలు చేసుకునే నడుపుతున్నాయి. రెండోది నానోమీటర్లు. 7, 5, 4 అన్నవి ఇప్పుడు చిప్ మీద ఏ గీతకూ కొలతలు కావు, తయారీ పద్ధతుల పేర్లు. ఇంటెల్ 2021లో తన 10 నానోమీటర్ల పద్ధతి మెరుగుపరిచిన రూపానికి "ఇంటెల్ 7" అని పేరు మార్చింది. ఒకే ఫ్యాక్టరీ పద్ధతుల మధ్య పోలికకు పనికొస్తాయి, కంపెనీల మధ్య కాదు.

ఆరో మెట్టు: ఒక్క లైన్లో రాసుకోవడం

నేను ఇంట్లో ప్రతి పరికరానికీ ఒక నోట్‌బుక్‌లో ఒక లైన్ రాస్తాను. వరస ఎప్పుడూ ఒకటే: భాష, కోర్, చిప్, అమ్మకం పేరు, నడుస్తున్న ఓఎస్ ఎన్ని బిట్‌లది. చివరిది ఎందుకంటే పైన చెప్పిన 32 బిట్‌ల ఆండ్రాయిడ్ చిక్కు వల్ల. తెలియని గడి ఖాళీగా వదిలేస్తాను కానీ ఊహించి నింపను.

ఆర్మ్‌వీ8, నాలుగు కార్టెక్స్-ఏ76, బీసీఎం2712, రాస్‌ప్‌బెరీ పై 5, 64.

ఆర్మ్‌వీ8, రెండు ఏ76 ఆరు ఏ55, ఎంటీ6833, డైమెన్సిటీ 6020 (అమ్మ ఫోన్), 64.

ఏవీఆర్ 8 బిట్, ఏటీమెగా328పీ, ఆర్డినో యూనో, ఓఎస్ లేదు.

మా తమ్ముడు వాడి లైన్ వాడే రాసి ఫొటో పంపాడు: "ఎక్స్86-64, కేబీ లేక్ రిఫ్రెష్, స్టెపింగ్ 10, ఐ5-8250యూ, విండోస్ 11, 64." కింద ఇంకో ముక్క రాశాడు: "అన్నా, షాపులో ఆ ఐ7 కూడా అమ్ముడైపోయిందట. ఐదొందలు ఎక్కువకి."